వీసాకు సరిపోయిన బీమా రోగానికి సరిపోతుందా?



ఈ నెల ఒక నికాహ్ సందర్భంగా మేము వికారాబాద్ జిల్లా బంట్వారం వెళ్లవలసి వచ్చింది. తాండూరు వైపు దారి పొడవునా కంది చేలు పూత మీద ఉన్నాయి. అస్ర్ నమాజు ముగిసిన తర్వాత మస్జిదు వరండాలో కూర్చుని ఉండగా, ఒక వృద్ధులు చేతిలో ప్లాస్టిక్ సంచితో మా వద్దకు వచ్చి సలాము చెప్పారు. ఆయన వయస్సు 68 సంవత్సరాలు. ప్రభుత్వ పాఠశాలలో 31 సంవత్సరాలు ఉపాధ్యాయ వృత్తి నిర్వహించి పదవీ విరమణ పొందినవారు. ఊరివారందరూ ఆయనను మాస్టరు గారనే పిలుస్తారు. ఇక్కడ మేమూ అలాగే పిలుస్తాము.

"భాయీసాబ్, మీరు పత్రికలో వ్యవహారాల గురించి వ్రాస్తారు కదా! ఈ కాగితాలు చదివి, నేను చేసిన తప్పేమిటో చెప్పండి" అన్నారాయన. సంచిలో రెండు బీమా పత్రాలు, ఒక ఆసుపత్రి బిల్లు, ఒక తిరస్కరణ లేఖ ఉన్నాయి. మేము ఆ సాయంత్రం వాటిని చదివాము. చదివిన తర్వాత ఈ నెల శీర్షికను ఆ విషయానికే కేటాయించాలని నిశ్చయించుకున్నాము. పిల్లలు పరాయి దేశాలలో స్థిరపడి, విశ్రాంత జీవితం గడుపుతున్న తల్లిదండ్రులు అక్కడికి వెళ్లి వచ్చే ఇళ్లు మన పాఠకులలో తక్కువేమీ కావు. మాస్టరు గారికి జరిగినది రేపు మరొకరికి జరుగకూడదన్నదే మా ఉద్దేశం. ఆయన అనుమతితో, ఆయన పేరును, ఇతర వివరాలను మరుగుపరచి ఈ వృత్తాంతాన్ని వ్రాస్తున్నాము.

ఏమి జరిగింది?

మాస్టరు గారి పెద్ద కుమారుడు సౌదీ అరేబియాలో ఉద్యోగి. నిరుడు అతడు తల్లిదండ్రులను కుటుంబ సందర్శన వీసా మీద పిలిపించుకున్నాడు. ఉమ్రా నెరవేర్చుకోవాలని, మనుమలతో కొన్ని నెలలు గడపాలని దంపతులిద్దరూ సంతోషంగా బయలుదేరారు. మాస్టరు గారికి 14 సంవత్సరాలుగా షుగరు ఉన్నది. ఆరు సంవత్సరాల క్రితం హైదరాబాదులో గుండెకు ఒక స్టెంటు వేశారు. క్రమం తప్పక మందులు వాడుతున్నారు గనుక ఆరోగ్యం నిలకడగానే ఉన్నది.

వీసాతో పాటు ఆ దేశపు నిబంధన ప్రకారం తప్పనిసరి అయిన వైద్య బీమా ఎలాగూ వచ్చింది. "అది చాలదు, పెద్ద మొత్తానికి ఇక్కడ కూడా ఒక ప్రయాణ బీమా తీసుకోండి" అని కుమారుడు సలహా ఇచ్చాడు. సలహా మంచిదే. ఆ పాలసీ ఇప్పించిన ఏజెంటు మాత్రం దరఖాస్తును తానే నింపాడు. పూర్వం ఉన్న వ్యాధులు ఏవి అన్న ప్రశ్న ఎదురుగా 'లేవు' అని వ్రాసి, "ఉన్నాయని వ్రాస్తే ప్రీమియం పెరుగుతుంది సార్, ఒక్కోసారి పాలసీయే రాదు. అందరూ ఇలాగే వ్రాస్తారు" అన్నాడు. మాస్టరు గారు ఒక క్షణం తటపటాయించి సంతకం చేశారు.

మొదటి విడత బస ముగిసే సమయానికి మనుమరాలికి పరీక్షలు. "ఇంకొక నెల ఉండండి అబ్బా" అని కొడుకు, కోడలు కోరారు. వీసా పొడిగించారు. అందుకు కావలసిన బీమానూ పొడిగించారు. రెండవ వారంలో ఒక తెల్లవారుజామున మాస్టరు గారికి ఛాతీలో నొప్పి వచ్చింది. ఆసుపత్రిలో చేర్చారు. అత్యవసర విభాగంలో జరిగిన చికిత్స ఖర్చును వీసాతో వచ్చిన బీమా భరించింది. ప్రాణాపాయం తప్పింది, అల్‌హమ్దులిల్లాహ్. అత్యవసర దశ దాటిన తర్వాత, మరొక నాళంలో అడ్డంకి ఉన్నదని, దానికి చికిత్స చేయనిదే విమాన ప్రయాణానికి అనుమతించలేమని వైద్యులు చెప్పారు. అది పాత వ్యాధికి సంబంధించిన చికిత్స గనుక తమ పరిధిలోకి రాదని మొదటి బీమా సంస్థ తెలిపింది. రెండవ సంస్థ హైదరాబాదు ఆసుపత్రి రికార్డులు తెప్పించుకున్నది. పాత స్టెంటు సంగతి దాచిపెట్టారన్న కారణంతో క్లెయిమును పూర్తిగా తిరస్కరించింది.

కుమారుడు స్నేహితుల వద్ద అప్పు చేశాడు. కోడలు తన నగలు కుదువపెట్టింది. చికిత్స జరిగింది, మాస్టరు గారు క్షేమంగా ఇల్లు చేరారు. ఇప్పుడు వారి బాధ డబ్బు గురించి మాత్రమే కాదు. "31 సంవత్సరాలు పిల్లలకు అబద్ధమాడవద్దని చెప్పిన చేతితో ఒక అబద్ధం మీద సంతకం చేశాను. ఆ శిక్ష నా కోడలు అనుభవించింది" అన్నారాయన. ఆ మాట విన్న తర్వాత మాకు కాసేపు జవాబు తోచలేదు.

తప్పనిసరి బీమా అంటే ఏమిటి?

ముందుగా ఒక విషయం స్పష్టం కావాలి. విదేశీయులు తమ ఆసుపత్రులలో చికిత్స పొంది, డబ్బు కట్టలేక వెళ్లిపోతే ఆ భారం ఎవరు మోయాలన్న ప్రశ్నకు జవాబుగా ప్రభుత్వాలు ఈ బీమాను తప్పనిసరి చేస్తాయి. అంటే దాని మొదటి ఉద్దేశం ఆతిథ్య దేశపు రక్షణ. వచ్చిన వృద్ధునికి సంపూర్ణ వైద్యం అందించటం దాని లక్ష్యం కాదు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే మిగిలినవన్నీ సులభంగా అర్థమవుతాయి.

సౌదీ అరేబియాలో సహకార ఆరోగ్య బీమా చట్టం 1999లో వచ్చింది. సందర్శన వీసాపై వచ్చేవారి పాలసీకి గరిష్ఠ పరిమితి లక్ష రియాళ్లు. మన రూపాయలలో అది ఇరవై లక్షలకు పైనే అవుతుంది. అంకె పెద్దదిగా కనిపిస్తుంది గాని, ఆ మొత్తం ప్రధానంగా అత్యవసర పరిస్థితుల కోసం ఉద్దేశించినది. ఏళ్ల తరబడి ఉన్న షుగరుకు నెలనెలా మందులు, మోకాలి శస్త్రచికిత్స, కంటి శుక్లాల ఆపరేషను వంటివి దాని నుండి ఆశించరాదు. ఉమ్రా వీసా రుసుములో ఇమిడి ఉండే బీమా కూడా ఇటువంటిదే. వీసా పొడిగింపును 'అబ్షిర్' అనే ప్రభుత్వ వేదిక ద్వారా ఆతిథ్యమిచ్చేవారు కోరాలి. పొడిగించే కాలానికి కూడా చెల్లుబాటయ్యే బీమా ఉండాలి.

తల్లిదండ్రులను సందర్శన వీసాల మీదనే ఎందుకు పిలిపిస్తారని కొందరు అడుగవచ్చు. 2017 జూలై నుండి సౌదీలో ప్రవాసుల మీద ఆధారపడి అక్కడే నివసించే కుటుంబసభ్యులకు తలకొక రుసుము విధించారు. మొదట నెలకు 100 రియాళ్లుగా ఉన్న ఆ రుసుము ఏటేటా పెరిగి 2020 నాటికి 400 రియాళ్లకు చేరింది. మధ్యతరగతి ఉద్యోగికి ఇది మోయరాని బరువు. అందుచేత ఎందరో కుటుంబాలను స్వదేశానికి పంపి, వీలైనప్పుడు సందర్శన వీసా మీద పిలిపించుకోసాగారు. పొడిగింపుల చిక్కు, వాటి వెంట బీమా చిక్కు అందుకే మన ఇళ్లలో ఇంత సాధారణమైపోయాయి.

ఇతర దేశాల తీరు కూడా చూద్దాము. దుబాయిలో ఆరోగ్య బీమాను తప్పనిసరి చేస్తూ 2013లో 11వ నంబరు చట్టం వచ్చింది. తన పూచీ మీద తెచ్చుకున్న కుటుంబసభ్యులకు బీమా కల్పించవలసిన బాధ్యత ఆ పూచీదారునిదే. యు.ఎ.ఇ.లో తల్లిదండ్రుల నివాస అనుమతిని ఏడాదికొకసారి పొడిగించుకోవాలి. అంటే బీమా ప్రశ్న కూడా ఏడాదికొకసారి తిరిగి తలుపు తడుతుంది. 55 సంవత్సరాలు దాటిన విశ్రాంత వ్యక్తులకు అక్కడ ఇచ్చే అయిదేళ్ల వీసాకు కూడా ఆరోగ్య బీమా అవసరమే.

కువైట్ అనుభవం మరింత ఆలోచింపజేస్తుంది. కడప ప్రాంతం నుండి వేలాది తెలుగువారు ఆ దేశంలో పనిచేస్తున్నారు. 60 సంవత్సరాలు నిండిన, విశ్వవిద్యాలయ పట్టా లేని ప్రవాసులకు 2021 నుండి పని అనుమతులు పొడిగించరాదని అక్కడి అధికారులు మొదట నిర్ణయించారు. ఆ నిర్ణయం చట్టబద్ధం కాదని తేలిన తర్వాత, 2022 జనవరిలో 250 దీనార్ల రుసుముతోను, సుమారు 500 దీనార్ల ప్రైవేటు ఆరోగ్య బీమాతోను పొడిగింపుకు అవకాశమిచ్చారు. జీవితకాలం ఆ గడ్డ మీద చెమటోడ్చిన డ్రైవరు, దర్జీ, వంటమనిషి తమ వృద్ధాప్యంలో ఒక బీమా పత్రం ధరను బట్టి ఉండాలో, తిరిగి రావాలో తేల్చుకోవలసి వచ్చింది.

కెనడాలో ఉన్న బిడ్డల వద్దకు వెళ్లే తల్లిదండ్రులకు 2011 డిసెంబరు నుండి సూపర్ వీసా అనే ఏర్పాటు ఉన్నది. దానికి కనీసం లక్ష కెనడా డాలర్లకు, ఏడాది కాలానికి వైద్య బీమా చూపాలి. ఐరోపాలోని షెంగెన్ దేశాల స్వల్పకాల వీసాకు కనీసం 30,000 యూరోల బీమా ఉండాలి. విశ్రాంత జీవితం గడపడానికి పాశ్చాత్యులు ఎక్కువగా చేరే థాయిలాండ్ కూడా, 50 ఏళ్లు పైబడినవారికిచ్చే దీర్ఘకాల వీసాకు 2019 అక్టోబరు 31 నుండి బీమాను తప్పనిసరి చేసింది. మొదట ఆసుపత్రిలో చేరితే 4 లక్షల బాత్‌లు, చేరకుండా పొందే వైద్యానికి 40,000 బాత్‌లు అన్నారు. తర్వాత ఆ పరిమితిని 30 లక్షల బాత్‌లకు పెంచారు. అమెరికాలో సందర్శకులకు బీమా తప్పనిసరి కాదు. అక్కడి వైద్య ఖర్చును తలచుకుంటే, చట్టం అడుగకపోయినా బీమా లేకుండా వెళ్లటం సాహసమే అవుతుంది. నిబంధనలు, రుసుములు మారుతూ ఉంటాయి గనుక బయలుదేరే ముందు ఆయా దేశాల అధికారిక ప్రకటనలు చూసుకోవాలి.

పత్రంలో చదువవలసిన నాలుగు చోట్లు

మాస్టరు గారి సంచిలోని రెండు పత్రాలనూ ముందు ఉంచుకుని మేము ఆయనకు నాలుగు చోట్లు చూపించాము. పాఠకులు కూడా తమ పత్రాలను తీసి చూసుకోవాలని మా మనవి.

మొదటిది, 'అత్యవసరం' అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం. ప్రాణాపాయం తప్పే వరకు చేసే చికిత్స ఒకటి, ఆ తర్వాత వ్యాధి నయం కావడానికి చేసే చికిత్స మరొకటి. చాలా పాలసీలు మొదటి దానితోనే ఆగిపోతాయి. మాస్టరు గారి విషయంలో గీత గీసినది సరిగ్గా అక్కడే.

రెండవది, పూర్వవ్యాధులు. పాలసీ తీసుకునే నాటికి ఉన్న షుగరు, బి.పి., గుండె జబ్బు, మూత్రపిండాల సమస్య వంటివి ఈ వర్గంలోకి వస్తాయి. మన దేశంలో అమ్మే సాధారణ ప్రయాణ బీమాలు వీటిని మినహాయిస్తాయి, లేదా ప్రాణాపాయ స్థితిలో మాత్రమే కొంత మొత్తం వరకు భరిస్తాయి. అదనపు ప్రీమియం తీసుకుని వీటిని చేర్చే పాలసీలు కూడా ఉన్నాయి. కావాలని అడిగి తీసుకుంటేనే అవి దొరుకుతాయి. మన ఇళ్లలో 60 దాటిన వారిలో ఇటువంటి వ్యాధి ఒకటైనా లేనివారు ఎందరు? వృద్ధులకు వచ్చే జబ్బును మినహాయించిన బీమా వృద్ధులకు ఎంతవరకు ఉపయోగమో ఆలోచించండి.

మూడవది, వ్యక్తి తన చేతి నుండి కట్టవలసిన భాగం. ప్రతి క్లెయిములోను మొదటి ఇంత మొత్తం మీదే అని, లేదా బిల్లులో ఇంత శాతం మీరే భరించాలని షరతు ఉంటుంది. వయస్సు పెరిగిన కొద్దీ ఈ భాగం పెరగటం కద్దు. ప్రీమియం తక్కువగా ఉన్న పాలసీలో ఈ భాగం ఎక్కువగా ఉండే అవకాశమున్నది.

నాలుగవది, ఆసుపత్రుల జాబితా. కొడుకు ఇంటికి దగ్గరలో ఉన్న ఆసుపత్రి ఆ జాబితాలో ఉన్నదా? ఉంటే నగదు చెల్లించకుండా చికిత్స లభిస్తుంది. లేకపోతే ముందు మనమే కట్టి, తర్వాత తిరిగి రాబట్టుకోవాలి. బీమా సంస్థవారి అత్యవసర ఫోను నంబరును ఫ్రిజ్ తలుపు మీద అంటించి ఉంచటం చిన్న పనే. అర్ధరాత్రి వేళ అదే పెద్ద ఆధారమవుతుంది.

పొడిగింపు సమయంలో ఇంకొక జాగ్రత్త అవసరం. వీసా పొడిగించినంత మాత్రాన మన దేశంలో తీసుకున్న ప్రయాణ బీమా దానంతటదే పొడగదు. మొదటి గడువు ముగియక మునుపే సంస్థకు తెలియజేసి పొడిగింపు కోరాలి. ఈ లోగా ఆసుపత్రికి వెళ్లి ఉంటే ఆ సంగతి కూడా తెలపాలి. రెండు గడువుల నడుమ ఒక్క రోజు ఖాళీ ఏర్పడినా, ఆ రోజు వచ్చిన జబ్బుకు ఎవరూ పూచీ ఉండరు.

ఇంటి వద్ద ఉన్న రక్షణ

"నాకు పింఛనుదారుల ఆరోగ్య కార్డు ఉన్నది కదా, అది అక్కడ పనికిరాదా?" అని మాస్టరు గారు అడిగారు. పనికిరాదు. తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగులకు, పింఛనుదారులకు ఉన్న ఆరోగ్య పథకం జాబితాలో ఉన్న మన ఆసుపత్రులకే పరిమితం. 2007లో ఆరంభమై, 2023 డిసెంబరులో 10 లక్షల పరిమితికి చేరిన ఆరోగ్యశ్రీ కూడా సముద్రం దాటి రాదు. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం కల్పిస్తూ 2024 అక్టోబరు 29న కేంద్రం విస్తరించిన ఆయుష్మాన్ భారత్ పథకం కూడా దేశం లోపలి ఆసుపత్రులకే.

ఈ మాటకు మరొక వైపు ఉన్నది. అక్కడ పనికిరాని రక్షణ ఇక్కడ పూర్తిగా పనికివస్తుంది. కాబట్టి వాయిదా వేయదగిన చికిత్సలు, మోకాళ్లు, కళ్లు, పళ్లు, సాధారణ పరీక్షలు అన్నీ బయలుదేరక మునుపే ఇక్కడ ముగించుకోవటం వివేకం. గుండె జబ్బు ఉన్నవారు ప్రయాణానికి ముందు తమ వైద్యుని వద్ద పూర్తి పరీక్ష చేయించుకుని, ఎంతకాలం దూరంగా ఉండవచ్చో అడిగి తెలుసుకోవాలి. మందుల చీటీ, జబ్బు చరిత్ర ఆంగ్లంలో వ్రాయించి వెంట ఉంచుకోవాలి. మందుల వ్యాపార నామాలు దేశానికొక తీరుగా ఉంటాయి గనుక అసలు ఔషధ నామం వ్రాయించటం అవసరం.

సొంతంగా ఆరోగ్య పాలసీ ఉన్నవారు విదేశంలో ఉన్న రోజులలో దానిని రద్దు కానివ్వరాదు. "ఆరు నెలలు ఇక్కడ ఉండము కదా, ప్రీమియం దండగ" అని మానివేసినవారు తిరిగి వచ్చి కొత్త పాలసీ తీసుకుంటే, పూర్వవ్యాధుల నిరీక్షణ కాలం మళ్లీ మొదటి నుండి లెక్కకు వస్తుంది. అది మూడేళ్ల వరకు ఉండవచ్చు. 65 సంవత్సరాలు దాటినవారికి కూడా ఆరోగ్య పాలసీలు అందుబాటులో ఉంచాలని 2024లో బీమా నియంత్రణ సంస్థ నిర్దేశించింది. 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల ప్రీమియం మీద జి.ఎస్.టి. తొలగించారు. ఏదైనా క్లెయిము అన్యాయంగా తిరస్కరించారని భావిస్తే ముందు సంస్థకే వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, న్యాయం జరుగకపోతే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయాన్ని ఆశ్రయించవచ్చు. అక్కడ వకీలు అవసరం లేదు, రుసుము లేదు.

అయితే మాస్టరు గారి కేసులో మేము ఆయనకు ఆశ పెట్టలేదు. దరఖాస్తులో 'లేవు' అన్న చోట ఉన్నది ఆయన సంతకమే. ఏజెంటు చెప్పినది గాలి మాట. కాగితం మీద మిగిలినది మాస్టరు గారి మాట.

ధర్మం దృష్టిలో

బీమా ధర్మసమ్మతమేనా అని పాఠకులు తరచు మాకు వ్రాస్తూ ఉంటారు. 1985 డిసెంబరులో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ, స్థిర ప్రీమియంతో జరిగే వాణిజ్య బీమాలో అనిశ్చితి అధికంగా ఉన్నందున అది నిషిద్ధమని తీర్మానించింది. పరస్పర సహాయ సూత్రం మీద నడిచే సహకార బీమాను ప్రత్యామ్నాయంగా సూచించింది. అందువల్లనే గల్ఫు దేశాలలో 'తకాఫుల్' సంస్థలు, సహకార బీమా ఏర్పాట్లు కనిపిస్తాయి. అక్కడ పాలసీ తీసుకునే అవకాశమున్నవారు వాటిని ఎన్నుకోవచ్చు. చట్టమే తప్పనిసరి చేసినచోట, మరొక మార్గం లేనిచోట, వ్యక్తి పరిస్థితి వేరుగా ఉంటుంది. ఈ విషయంలో తమకు నమ్మకమైన ఉలమాలను సంప్రదించి అడుగు వేయాలని మా సలహా.

ఏ అభిప్రాయం అనుసరించినా ఒక విషయంలో భేదం లేదు. ఒప్పందం కుదుర్చుకున్నాక అందులో నిజం చెప్పటం విధి. దివ్యఖుర్ఆన్‌లోని అన్నింటికన్న సుదీర్ఘమైన ఆయత్, అల్ బఖరా సూరాలోని 282వ ఆయత్, ఋణ వ్యవహారాన్ని వ్రాసి పెట్టుకోవటం గురించి, వ్రాసేవాడు న్యాయంగా వ్రాయటం గురించి, హక్కులో ఏమీ తగ్గించకుండా చెప్పి వ్రాయించటం గురించి మాట్లాడుతుంది. కాగితం మీద వ్రాత ధర్మానికి సంబంధం లేని లౌకిక తంతు అని మనము అనుకోరాదు. వ్యాధిని దాచి తీసుకున్న పాలసీ ఒకవేళ డబ్బు చెల్లించినా, ఆ డబ్బు గురించి మనస్సు నెమ్మదిగా ఉంటుందా?

కుటుంబంలో మాట్లాడుకోవలసినవి

మా అనుభవంలో ఈ విషయాలలో ఇబ్బంది అంతా మొహమాటం వల్ల వస్తుంది. కొడుకు బిల్లు ఎంతయిందో తండ్రికి చెప్పడు. తండ్రి ఛాతీలో బరువు సంగతి కొడుకుకు చెప్పడు. ఖర్చు పెట్టించినట్లవుతుందని తల్లి మందు ఒక పూట మానివేస్తుంది. ప్రేమతోనే ఒకరి నుండి ఒకరు దాచుకుంటారు. చివరకు ఆసుపత్రిలో అన్నీ ఒక్కసారిగా బయటపడతాయి.

అందుచేత ప్రయాణానికి ముందు, మళ్లీ ప్రతి పొడిగింపుకు ముందు, ఇంటిల్లిపాదీ కూర్చుని కొన్ని ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి. పాలసీలో అమ్మకు, అబ్బాకు ఉన్న జబ్బులన్నీ వ్రాశామా? బీమా భరించని ఖర్చు వస్తే ఎంతవరకు కుటుంబం మోయగలదు? ఆ మొత్తం ఎక్కడ ఉన్నది? జబ్బు ముదిరితే అక్కడే చికిత్స చేయించాలా, వీలైనంత త్వరగా తిరిగి రావాలా? మరణం సంభవిస్తే ఖననం అక్కడా, ఇక్కడా? ఈ చివరి ప్రశ్న అడగటానికి పిల్లల నోరు రాదు. పెద్దలే ముందుగా చెప్పి, వ్రాసి ఇస్తే వారికి ఎంతో మేలు చేసినవారవుతారు.

పొడిగింపు అన్నది ఎల్లప్పుడూ మంచిది కాదన్న మాట కూడా ధైర్యంగా అనుకోవాలి. మూడు నెలలు నిశ్చింతగా గడిపి రావటం, ఆరు నెలలు భయం భయంగా గడపటం కంటె మేలు కావచ్చు. తల్లిదండ్రుల సేవ అంటే వారిని తన ఇంట ఉంచుకోవటమొక్కటే కాదు. వారికి నమ్మకమైన వైద్యుడు, తెలిసిన భాష, చెల్లుబాటయ్యే ఆరోగ్య కార్డు ఉన్నచోట వారిని ఉండనిచ్చి, తానే సెలవు మీద వచ్చి చూసుకోవటం కూడా సేవే.

తిరిగి బంట్వారానికి

నికాహ్ మరునాడు మాస్టరు గారు మమ్మల్ని తమ ఇంటికి ఫలహారానికి పిలిచారు. కుమారుడు మళ్లీ రమ్మంటున్నాడని, ఈ చలికాలంలో రెండు నెలలైనా ఉండి వెళ్లమంటున్నాడని చెప్పారు. లోపలి గదిలో నుండి ఆయన సతీమణి అన్నారు: "కోడలి నగలు విడిపించనిదే నేను విమానం ఎక్కను భాయీ. ఆ పిల్ల ఒక్క మాట అనలేదు. అందుకే నాకు మరింత సిగ్గుగా ఉన్నది."

మాస్టరు గారు తమ పింఛను బకాయి సొమ్ముతో సగం నగలు ఇదివరకే విడిపించారు. మిగిలిన సగం విడిపించిన తర్వాతే ప్రయాణమని దంపతులు నిశ్చయించుకున్నారు. ముందుగా హైదరాబాదులో గుండె వైద్యుని చూడాలి. ఆయన సరేనంటేనే టిక్కెట్టు. బస రెండు నెలలే, పొడిగింపు లేదు. ఈ మాట కొడుకుకు ఫోనులో చెప్పి ఒప్పించారు.

మేము సెలవు తీసుకునే వేళ ఆయన బల్ల మీద నుండి కొత్త బీమా దరఖాస్తు ఒకటి తీసి చూపించారు. పూర్వవ్యాధుల గడిలో ఉపాధ్యాయుని గుండ్రని అక్షరాలతో, ఏ సంవత్సరం నుండి షుగరు, ఏ నెలలో మొదటి స్టెంటు, ఏ ఆసుపత్రిలో రెండవ చికిత్స, ఏ ఏ మందులు అన్నీ వరుసగా వ్రాసి ఉన్నాయి. గడి చాలక వెనుక పేజీలో కూడా వ్రాశారు. "ప్రీమియం చాలా ఎక్కువ చెబుతున్నారు భాయీసాబ్. పాలసీ ఇస్తారో లేదో కూడా తెలియదు. ఇవ్వకపోతే వెళ్లను. మనుమరాలే సెలవులకు ఇక్కడికి వస్తుంది" అన్నారు.

పాఠకులారా, మీ ఇంట్లో ఎవరి బీమా పత్రమైనా బీరువాలో చదవకుండా ఉంటే, ఈ వారమే తీసి చదవండి. మీకు అర్థం కానిచోట అర్థమయ్యేవారిని అడగండి. పరాయి దేశాలలో ఉన్న మన వృద్ధులందరినీ అల్లాహ్ ఆరోగ్యంతో ఉంచి, క్షేమంగా ఇళ్లకు చేర్చుగాక! ఆమీన్.